ఫోమ్ బోర్డు స్పేసర్లు ఎన్నిసార్లు కోసినా సమానంగా రావట్లేదు, తప్పు ఎక్కడ?

మల్కాజిగిరి_మధు
మా అమ్మాయి సాఫ్ట్ పేస్టల్‌తో ఒక బొమ్మ వేసింది. మా నాన్న చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పటి రెండు చేతులు, అంతే. ముఖం లేదు, అయినా చూసినవాళ్ళందరూ "మీ నాన్నగారి చేతులే" అన్నారు. పటం కట్టమని ఒక షాపులో ఇస్తే అద్దాన్ని నేరుగా కాగితం మీద ఆనించి వెనక మేకులు కొట్టేశారు. రెండు నెలలకు పేస్టల్ పొడి అద్దానికి అంటుకుంది. ఇప్పుడు బొమ్మలో ఒక జత చేతులు, అద్దం మీద ఇంకో జత. వెంటనే విప్పేశాను. బొమ్మ చాలావరకు దక్కింది.

అద్దానికీ కాగితానికీ మధ్య సందు ఉండాలని తెలుసుకుని స్పేసర్లు నేనే చేద్దామని కూర్చున్నా. 5 మి.మీ. ఫోమ్ బోర్డు తెచ్చి, 8 మి.మీ. పట్టీలు కోసి, ఫ్రేము గాడిలో నిలబెట్టా. ఫ్రేము 16 × 20 అంగుళాలు. మూడుసార్లు చేశా. ఏదో ఒక మూల సందు వస్తోంది. అద్దం ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తోంది. పొడుగు పట్టీలు అలల్లా వంకర. స్టీలు స్కేలు వాడుతున్నా, కట్టర్ కూడా కొత్తదే. అమ్మాయి హాస్టల్ నుంచి దసరా సెలవులకు వస్తుంది. ఆలోపు గోడకెక్కాలి. అద్దం సంగతి తనకింకా చెప్పలేదు.

బద్ధకిష్టి
అంటించుకునే ప్లాస్టిక్ స్పేసర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి కదా. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి పడుకోండి.

మల్కాజిగిరి_మధు
చూశా అన్నా. డెలివరీ దసరా దాటాక చూపిస్తోంది. మా ఏరియాలో మూడు షాపుల్లో అడిగితే, ఒకాయన స్పేస్ బార్ అనుకుని కీబోర్డు షాపుకి వెళ్ళమన్నాడు.

గోడమీద_పిల్లి
😂 ఈ ఒక్క పోస్టుకే థ్రెడ్ పైసా వసూల్.

రంపప్పొట్టు
మధు గారూ, ఒకటి సరిగ్గా చెప్పండి. "నిలబెట్టా" అంటే ఎలా? కోసిన అంచు అద్దానికి ఆనుతోందా, లేక బోర్డు మీద కాగితం ఉండే నున్నటి వైపు ఆనుతోందా?

మల్కాజిగిరి_మధు
కోసిన అంచే. 8 మి.మీ. ఎత్తు కావాలి, బోర్డేమో 5 మి.మీ. అందుకే 8 కోసి నిలువుగా పెట్టా.

రంపప్పొట్టు
దొరికింది. మీ చెయ్యి తప్పు కాదు, పట్టీని నిలబెట్టిన తీరు తప్పు.

కట్టర్‌తో 20 అంగుళాల పొడుగు కోస్తే ఎంత జాగ్రత్తపడ్డా ఎక్కడో అర మిల్లీమీటరు తేడా వస్తుంది. కట్టర్ పక్కకి ఒరిగితే అంచు ఏటవాలు అవుతుంది. 5 డిగ్రీలు ఒరిగినా 5 మి.మీ. మందంలో దాదాపు అర మిల్లీమీటరు. మీరు ఆ తప్పునంతా తీసుకెళ్ళి అద్దం కింద పెట్టారు. కుర్చీకి నాలుగు కాళ్ళు నాలుగు పొడుగులుంటే ఊగదా మరి?

ఫ్యాక్టరీలో తయారైన బోర్డు మందం మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేలా ఉంటుంది. ఆ మందాన్నే ఎత్తుగా వాడుకోండి. 5 మి.మీ. బోర్డు పట్టీ ఒకటి, దాని మీద 3 మి.మీ. బోర్డు పట్టీ ఒకటి, రెండూ పడుకోబెట్టి అతికించండి. 8 వచ్చేసింది, కొలత లేకుండా. మీరు కోసేది వెడల్పు మాత్రమే. అందులో తేడా వచ్చినా ఫ్రేము పెదవి, అంటే అద్దం మీదికి వచ్చే ముందు అంచు, కింద దాక్కుంటుంది.

మల్కాజిగిరి_మధు
అయ్యో. మూడు రాత్రులు వృథా చేశానన్నమాట.

సూత్_భాయ్
రంపప్పొట్టు అన్న చెప్పింది కరెక్టు. కానీ పెదవి ఎంతుందో ముందు చూడు మధు భాయ్. మామూలు ఫ్రేముకి రెండు సూత్‌లు ఉంటుంది, అంటే 6 మి.మీ. పైచిలుకు. పట్టీ 5 లోపే ఉంచు, పెదవి దాటితే ముందు నుంచి తెల్లగా కనిపిస్తుంది.

తార్నాక_తాయారు
సూత్ అంటే?

సూత్_భాయ్
అంగుళంలో ఎనిమిదో వంతు మేడమ్. మూడు మిల్లీమీటర్ల పైన కొంచెం. కార్పెంటర్ మేస్త్రీని మిల్లీమీటర్లలో అడిగితే నీ వైపు జాలిగా చూస్తాడు.

లెక్కల_మాస్టారు
ముందు గాడి లోతు చూసుకోవాలి. అద్దం 2, స్పేసర్ 8, బొమ్మ అతికించిన అట్ట 2, వెనక బోర్డు 3, మొత్తం 15 మి.మీ. గాడి ఆరు సూత్‌లు అంటే 19 ఉంటే ఇంకా 4 మిగులుతుంది, మేకులకు చాలు. నాలుగు సూత్‌ల గాడి అయితే 12.7 మాత్రమే, సామాను వెనక్కి పొడుచుకొస్తుంది.

మల్కాజిగిరి_మధు
కొలిచా, 19 ఉంది. బతికాను.

కర్ణం_గారు
ఇందాకటి నుంచి చూస్తున్నా, అసలు ఫ్రేము మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు ఉన్నాయో లేదో ఎవరూ అడగలేదు. కర్ణాలు కొలవండి. రెండూ సమానంగా లేకపోతే మూలల్లో సందు రాక ఏమవుతుంది?

మల్కాజిగిరి_మధు
కొలిచా సార్. ఒకటి 650, ఇంకొకటి 653 మి.మీ. ఫ్రేమే వంకరా? మళ్ళీ టెన్షన్ పెట్టారు.

లెక్కల_మాస్టారు
టెన్షన్ వద్దు. కర్ణాల్లో 3 మి.మీ. తేడా అంటే మూల తొంభై డిగ్రీల నుంచి పావు డిగ్రీకి కాస్త ఎక్కువ తప్పిందని అర్థం. 5 మి.మీ. పట్టీ చివర అది తెచ్చే సందు 0.02 మి.మీ. వెంట్రుక మందం కూడా కాదు. కర్ణం గారి పద్ధతి తలుపు చట్రాలకి బంగారం, ఇక్కడ మాత్రం ముద్దాయి వేరే.

కర్ణం_గారు
సరే మాస్టారూ, లెక్క చూపించారు కాబట్టి ఒప్పుకుంటున్నా. హ్యాండిల్ మాత్రం మార్చుకోను.

చిత్రిక
బాలానగర్‌లో పాటర్న్ షాపులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. పోత పోసే వస్తువుకి ముందు చెక్కతో నమూనా చేసే పని. మా స్కేలు అసలు స్కేలే కాదు. పోత ఇనుము చల్లారితే నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది కాబట్టి, ఆ మేరకు సాగదీసి గీసిన స్కేలుతో పని చేసేవాళ్ళం. కొత్తగా చేరిన కుర్రాడు పొరపాటున మామూలు స్కేలు పట్టుకుంటే ఆ నమూనా పొయ్యిలోకే. అక్కడ నేర్చుకున్నది ఒకటుంది. నాలుగు ముక్కలు ఒకేలా కావాలంటే నాలుగుసార్లు కొలవకూడదు. ఒక్కసారి అడ్డు పెట్టి నాలుగూ కోయాలి.

మధు, ఇలా చెయ్యి. ఒక ప్లై ముక్క తీసుకో, రెండడుగులుంటే చాలు. దాని మీద స్టీలు స్కేలు పెట్టి, రెండు చివర్లా కింద అదే ఫోమ్ బోర్డు తుంటలు వేసి బిగించు. ఇప్పుడు స్కేలు కింద బోర్డు దూరే సందు వచ్చింది. స్కేలు అంచుకి అవతల ఒక చెక్క బీడింగ్‌ని సమాంతరంగా బిగించాలి. సమాంతరం అని కొలవకు. స్కేలుకీ బీడింగ్‌కీ మధ్య ఈ చివర ఒక 5 మి.మీ. డ్రిల్ బిట్, ఆ చివర ఇంకో 5 మి.మీ. డ్రిల్ బిట్ పెట్టి, రెంటికీ ఆనించి బీడింగ్‌కి స్క్రూలు వేసేయ్. బిట్లు తీసేయ్.

బోర్డుని స్కేలు కిందుగా తోసుకుంటూ బీడింగ్‌కి తగిలించు, కట్టర్ లాగు. పట్టీ ఊడి వస్తుంది. మళ్ళీ తోయి, మళ్ళీ లాగు. ఇరవై పట్టీలు కోసినా ఇరవై కవలపిల్లల్లా వస్తాయి. స్కేలు మీద అంకెలు చూసే పనే లేదు.

గోడమీద_పిల్లి
మా మామయ్య పెళ్ళి పందిరికి కూడా ఇన్ని స్క్రూలు బిగించలేదు.

చిత్రిక
పందిరి మూడు రోజులుంటే చాలు నాయనా.

రంపప్పొట్టు
చిత్రిక గారికి దండం. కట్టర్ గురించి ఒక మాట కలుపుతా. ఒకే దెబ్బకి లాగకండి, లోపలి ఫోమ్ చిరిగి గింజలు గింజలుగా రాలుతుంది. మొదటిసారి పై కాగితం, రెండోసారి ఫోమ్, మూడోసారి కింది కాగితం. తేలిగ్గా, మూడు లాగుళ్ళు. బ్లేడు కొన మొద్దుబారిన వెంటనే విరిచెయ్యాలి. నాలుగైదు పట్టీలకి ఒక కొన పోతుంది. బ్లేడు విషయంలో పీనాసితనం చేస్తే బోర్డు పోతుంది.

ఎడమ చేతి బొటనవేలు స్కేలు అంచు దాటకుండా చూసుకోండి. నాది ఒకసారి దాటింది. వేలి కొన ఇప్పటికీ కొంచెం చదునుగా ఉంటుంది, ఫోన్ లాక్ తీయదు.

మల్కాజిగిరి_మధు
వెడల్పు సంగతి తేలింది. పొడుగు? అలల్లా వంకర ఎందుకు వస్తోంది? 508 మి.మీ. గాడికి 509 కోశా, బిగుతుగా ఉంటుందని.

లెక్కల_మాస్టారు
ముద్దాయి దొరికాడు. ఈ లెక్క పిల్లలకి చెప్తే నమ్మరు. 508 మి.మీ. జాగాలో 509 పట్టీని ఇరికిస్తే, ఎక్కువైన ఆ ఒక్క మిల్లీమీటరు ఎక్కడికో పోవాలి. పట్టీ విల్లులా వంగితే మధ్యలో దాదాపు 14 మి.మీ. ఉబ్బుతుంది. అర మిల్లీమీటరు ఎక్కువైతే కూడా 10 దాకా వస్తుంది. ఫోమ్ చివర్లు కొంచెం నలుగుతాయి కాబట్టి మీకు అంత కనిపించలేదు, అందుకే అలలు.

మల్కాజిగిరి_మధు
ఒక్క మిల్లీమీటరుకి 14?? కాగితం పట్టీతో చేసి చూశా. నిజమే. మా ఆవిడ కూడా చూసి "ఇంతకీ బొమ్మ ఎప్పుడు కడతారు" అంది.

సూత్_భాయ్
పొడుగుకి స్కేలు ముట్టుకోకు భాయ్. పట్టీని గాడిలో పెట్టి, రెండో చివర దగ్గర ఫ్రేముకి ఆనించి కట్టర్ కొనతో గాటు పెట్టు. పెన్సిల్ గీతకే అర మిల్లీమీటరు మందం ఉంటుంది, గాటుకి ఉండదు. ముందు రెండు పొడుగువి పెట్టెయ్, తర్వాత ఆ రెంటి మధ్య మిగిలిన జాగాకి పొట్టివి గాటు పెట్టు. పట్టీ వెడల్పు రెండుసార్లు తీసెయ్యాలా ఒకసారా అన్న గోలే ఉండదు. టేపుతో కొలిచేవాళ్ళకి ఇంకో మాట. టేపు కొనలో కొక్కెం వదులుగా ఊగుతుంది, అది డిఫెక్ట్ కాదు. లోపలి కొలతకీ బయటి కొలతకీ దాని మందమంత సర్దుకోవాలని కావాలనే అలా పెడతారు. మా తమ్ముడు దాన్ని సుత్తితో కొట్టి బిగించాడు. ఆ తర్వాత చేసిన అలమారా తలుపు ఇప్పటికీ పడదు.

చిత్రిక
గాటు పెట్టాక దాని మీద కాకుండా వెంట్రుకవాసి లోపలికి కోయి. పొట్టిగా ఉంటే నష్టం లేదు. మూలలో అర మిల్లీమీటరు సందు పెదవి కింద ఎవరికీ కనపడదు, అద్దానికీ తెలియదు. నువ్వు ఇన్నాళ్ళూ దాని కోసం కొట్టుకుని ఎత్తుని వదిలేశావు. ఎత్తు వెంట్రుకంత కూడా తప్పకూడదు, పొడుగు తగ్గొచ్చు గానీ పెరగకూడదు, వెడల్పు పెదవి దాటకూడదు. మిగతాదంతా క్షమించెయ్.

మ్యాట్_మహారాణి
ఇంత కష్టం ఎందుకండీ. బొమ్మ చుట్టూ కిటికీలా మ్యాట్ బోర్డు పెడితే అదే స్పేసర్. చూడ్డానికి కూడా హుందాగా ఉంటుంది.

రంపప్పొట్టు
మామూలు మ్యాట్ బోర్డు 1.4 మి.మీ. మందం. వాటర్‌కలర్‌కి సరిపోతుంది. సాఫ్ట్ పేస్టల్ అంటే కాగితం మీద ఆరబోసిన పొడి లెక్క, దానికి చాలదు.

మ్యాట్_మహారాణి
రెండు మ్యాట్‌లు వేస్తారు. నేను పదేళ్ళుగా అలాగే కడుతున్నా, ఒక్కటీ పాడవలేదు.

మాసబ్‌ట్యాంక్_మాజీ
ఫైన్ ఆర్ట్స్‌లో చదివాను, పేస్టల్స్ మీదే నా బతుకు. ఇద్దరూ రైటే, రెండూ కలపండి. మ్యాట్ పెట్టండి, దాని కింద స్పేసర్ పెట్టండి, కానీ స్పేసర్‌ని మ్యాట్ కిటికీ అంచు నుంచి వెనక్కి, ఫ్రేము వైపు జరిపి పెట్టండి. అప్పుడు మ్యాట్ కింద చిన్న కాలవ ఏర్పడుతుంది. పేస్టల్ ఎంత జాగ్రత్తగా కట్టినా ఎప్పుడో ఒకప్పుడు కొంచెం పొడి రాలుతుంది. అది మ్యాట్ అంచు మీద పడితే రంగు మరకలా కనిపిస్తుంది. ఈ కాలవ ఉంటే అందులోకి జారిపోతుంది, ఎవరికీ తెలియదు.

ఇంకోటి, ఎవరైనా అక్రిలిక్ షీటు తేలికని చెప్తే పేస్టల్‌కి మాత్రం వినకండి. తుడిచిన ప్రతిసారీ దానికి స్టాటిక్ పుట్టి పొడిని లాగేసుకుంటుంది. పైగా ఎండకి సాగుతుంది. అర మీటరు షీటు 30 డిగ్రీల తేడాకి ఒక మిల్లీమీటరు. గాడిలో బిగుతుగా పెడితే మే నెలలో అది కూడా లెక్కల మాస్టారి విల్లే.

మల్కాజిగిరి_మధు
కిటికీ 45 డిగ్రీల ఏటవాలుగా కోయడం నావల్ల కాదు. ఈసారికి మ్యాట్ లేకుండా స్పేసర్లే.

తార్నాక_తాయారు
ఈ మధ్యలో నా గోడు. మా అత్తగారి పెళ్ళి ఫోటో, బ్లాక్ అండ్ వైట్, అద్దానికి అతుక్కుపోయింది. బాత్రూమ్ గోడకి అవతల వైపు వేలాడదీశాం. పోయిన వానాకాలంలో లోపల చెమ్మ కనిపించింది. ఇప్పుడు పీకితే వచ్చేలా ఉంది, పీకనా?

మాసబ్‌ట్యాంక్_మాజీ
పీకొద్దు! ఆ ఫోటోల పై పొర జెలటిన్. చెమ్మ తగిలితే ఉబ్బి జిగురవుతుంది, ఆరాక అద్దానికి పట్టేస్తుంది. పీకితే ముఖాలు అద్దం మీద ఉండిపోతాయి. అద్దంతో సహా అలాగే స్కానర్ మీద పెట్టి మంచి కాపీ తీయించుకోండి. గోడకి ఆ కాపీ కట్టండి, స్పేసర్‌తో. అసలుది అద్దంతోనే చదునుగా, పొడి చోట దాచండి.

తార్నాక_తాయారు
వేలు పెట్టి మూల లాగబోతున్నా. బతికించారు.

చేర్యాల_చెల్లి
నా దగ్గర చేర్యాల పటం ఉంది, గుడ్డ మీద వేసింది. దానికీ స్పేసర్ కావాలా? మా పుట్టిల్లు చేర్యాల, ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. జిల్లా మారింది గానీ ఎరుపు మాత్రం అదే.

మాసబ్‌ట్యాంక్_మాజీ
తప్పకుండా కావాలి. ఆ గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూతలు పూస్తారు. చెమ్మకి అద్దానికి అంటుకునే గుణం దానికీ ఉంది, పైగా చింతగింజల జిగురంటే పురుగులకి విందు. వెనక బోర్డు చుట్టూ టేపుతో మూసెయ్యండి. స్పేసర్‌కి అట్టపెట్టెల అట్ట మాత్రం వద్దు, అది పురుగుని పిలుస్తుంది, ఆమ్లం కూడా వదులుతుంది.

బద్ధకిష్టి
సన్‌బోర్డు వాడొచ్చు కదా? గట్టిగా ఉంటుంది, నీళ్ళకి చెడదు. మా ఆఫీసులో పాత స్టాండీలు బోలెడు పడున్నాయి.

మాసబ్‌ట్యాంక్_మాజీ
కోయడానికి హాయిగా ఉంటుంది, కానీ అది పీవీసీ. పాతబడేకొద్దీ ఆమ్లం వదిలే రకం. ఆఫీసు సర్టిఫికెట్‌కి వాడుకోండి, పెళ్ళి ఫోటోలకి వద్దు. ఎండీఎఫ్ కూడా అంతే. యాసిడ్ ఫ్రీ ఫోమ్ బోర్డు దొరికితే అన్నిటికన్నా మేలు.

బద్ధకిష్టి
నా సర్టిఫికెట్లకి ఆమ్లమే కరెక్టు.

మల్కాజిగిరి_మధు
*(తొమ్మిది రోజుల తర్వాత)*
పని అయింది. రాణిగంజ్‌లో రెండు 5 మి.మీ. డ్రిల్ బిట్లు కొన్నా. ఏం డ్రిల్ చేస్తావని కొట్టు ఆయన అడిగితే "ఏమీ చెయ్యను" అన్నా. చిత్రిక గారు చెప్పినట్టు ప్లై మీద బిగించా. మొదటి పట్టీ ఊడి రాగానే ఇంకోటి కోసి రెంటినీ పక్కపక్కన పెట్టి గోటితో రాసి చూశా, మెట్టు తగల్లేదు. ఆ సంతోషంలో ఆపుకోలేక మొత్తం బోర్డు కోసేశా. ఇప్పుడు ఇంట్లో ముప్పై ఏడు పట్టీలున్నాయి.

5, 3 కలిపి డబుల్ సైడ్ టేపుతో అతికించా. స్పేసర్లని గాడి పక్క గోడకే అంటించా, బొమ్మకి జిగురు తగలనివ్వలేదు. పొడుగు పట్టీలు గాటుకి వెంట్రుకవాసి తక్కువ. అద్దం నాలుగు మూలలా నొక్కా, కదల్లేదు. రాత్రి పదకొండున్నరకి వెనక టేపు వేసి గోడకి తగిలించా.

పొద్దున్నే చూస్తే అద్దం లోపల, సరిగ్గా నాన్న బొటనవేలి గోరు పక్కన, చిన్న తెల్ల గింజ. ఫోమ్ ముక్క.

గోడమీద_పిల్లి
చిక్కుడు గింజ అని చెప్పండి.

రంపప్పొట్టు
విప్పకండి. విప్పితే ఇంకో రెండు దూరతాయి. బోర్డు కోసిన బల్ల మీదే కట్టారా?

మల్కాజిగిరి_మధు
అదే బల్ల.

చిత్రిక
పాటర్న్ షాపులో కోత ఒక గదిలో, బిగింపు ఇంకో గదిలో చేసేవాళ్ళం. ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను, తప్పు నాదే. ఫ్రేముని తలకిందులుగా పట్టుకుని వెనక నుంచి గోటితో మెల్లగా ఒక్కసారి కొట్టి చూడు. గట్టిగా వద్దు, పేస్టల్.

మల్కాజిగిరి_మధు
పడలేదు సార్. అమ్మాయి నిన్న రాత్రి వచ్చింది. పాత అద్దం కథ మొత్తం చెప్పేశా. బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, ఆ గింజ వంక చూసి "ఇది నేను వెయ్యలేదే" అంది. ఫోమ్ అని చెప్పా. "ఉండనీ నాన్నా, తాతయ్య ఒలిచేటప్పుడు ఒకటి ఎప్పుడూ కింద పడేది" అంది.

మిగిలిన పట్టీలు ఎవరికైనా కావాలంటే మల్కాజిగిరి స్టేషన్ దగ్గరికి వచ్చి తీసుకోవచ్చు. తాయారు గారికి మొదటి నాలుగు.

తార్నాక_తాయారు
ఆదివారం వస్తా. మా ఫ్రేము గాడి నాలుగు సూత్‌లే, 5 మి.మీ.వి మాత్రం ఇవ్వండి.